పాట ముగియు రీతులు

తెలుగువారిని గూర్చి యొక అపవాదు చిరకాలముగా వాడుకలో నున్నది. ఆంధ్రులు ఆరంభశూరులని ఆ మాట. పని మొదలిడుటలో గల ఉత్సాహము దానిని ముగించుటలో మనకుండదని దాని తాత్పర్యము. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి నీతిశతకమునందు మానవులను మూడు తెగలుగా విభజించిన పద్యమును మీరందరును వల్లించియున్నారు. విఘ్నములకు వెరచి పనిని మొదలే పెట్టనివారు అధములు. మొదలిడి నడుమ విడుచువారు మధ్యములు. ఎన్ని ఆటంకములు కలిగినను తుదముట్టించువారు ఉత్తములు. ఈ భేదము పనులకే గాక పాటలకును చెల్లునని గత సంవత్సరము మన పాఠశాలలో జరిగిన యొక చిన్న సంగతివలన నాకు బోధపడినది. దానినే కారణముగా గొని ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

గత వార్షికోత్సవమునాడు తొమ్మిదవ తరగతి బాలురు ఒక ఇంగ్లీషు పాటను పాడుటకు పూనుకొనిరి. అది బీటిల్సు అను సుప్రసిద్ధ బృందమువారు 1968వ సంవత్సరమున వెలువరించిన 'హే జూడ్' అను గీతము. ఇద్దరు గిటార్లు వాయించిరి, ఒకడు డ్రమ్ములు వాయించెను, పండ్రెండుగురు పాడిరి. పాట మొదలు మిక్కిలి చక్కగా నడచినది. సభలోనివారు చప్పట్లు చరచుచు తాళము వేసిరి. కాని తుదిభాగము వచ్చునప్పటికి ఎచ్చట ఆపవలెనో యెవ్వరికిని తెలియలేదు. గిటార్లు ఆగినవి, పాడువారు ఆగలేదు. పాడువారు ఆగిరి; డ్రమ్ములు ఆగలేదు. డ్రమ్ములు వినబడుచుండుటచే కొందరు మరల అందుకొనిరి. తుదకు ఎవరో తెర దించిరి. సభలో నవ్వులు చెలరేగినవి. డ్రమ్ములు వాయించిన బాలుడు తెరవెనుక కూర్చుండి కన్నీరు తుడుచుకొనుచుండెను. నేనాతనిని సమీపించి, "ముగింపు నేర్చుకొనకయే వేదిక నెక్కవచ్చునా?" అని మందలించితిని. అందులకాతడు, "మేష్టారూ, రికార్డును నూరుసార్లు వింటిని. అందులో వారెచ్చట ఆపిరో తమరే సెలవియ్యండి" అనెను.

ఆ రాత్రి యింటికి పోయి ఆ పాటను తుదివరకు శ్రద్ధగా వింటిని. బాలుని మాట నిజము. ఆ రికార్డులో ఎవ్వరును ఆపలేదు. వారు పాడుచునేయుండిరి, ధ్వని మాత్రము కొంచెము కొంచెముగా సన్నగిల్లి మాయమైనది. లేని ముగింపును నేర్చుకొనలేదని నేనొక బాలుని మందలించితిని! మరునాడు ఆతనితో నా పొరపాటును ఒప్పుకొంటిని. కాని ఒప్పుకొనుటతో ఋణము తీరదు గదా. పాశ్చాత్యుల పాటలు ఎన్ని విధముల ముగియుచున్నవో, ఆ విధములేల కలిగెనో తెలిసికొని చెప్పుట నా విధి యని తోచినది.

1. పేరును, అర్థమును

పాట యొక్క ముఖ్యభాగము పూర్తియైన పిదప చేర్చబడు తుదిభాగమునకు పాశ్చాత్య సంగీతమున 'కోడా' యని పేరు. ఇటలీ భాషలో ఈ మాటకు తోక యని అర్థము. రాక్, పాప్ అను నవీన గీతములను పాడువారు దీనిని 'ఔట్రో' యందురు. పాటకు ముందు వచ్చు భాగమును 'ఇంట్రో' యనుట వారికి వాడుక. దానికి ఎదురుగా ఈ మాటను కల్పించుకొనిరి. మనకు ఈ రెండు మాటలకంటె చక్కని మాట యొకటి యున్నది. అది ముక్తాయింపు. ఉపన్యాసము ముగించువాని తుదిపలుకులను సయితము మనము ముక్తాయింపు అనుచున్నాము. కచేరీ తుదిని మంగళము పాడుట మన సంప్రదాయము. మంగళము వినబడగానే శ్రోతలు కచేరీ ముగిసినదని యెరిగి లేచెదరు. ఇట్లు మనవారికి ముగింపు ఒక మర్యాద. పాశ్చాత్య గీతములందో, ముగింపు ఒక్కొక్క పాటకు ఒక్కొక్క తీరుగా నుండును. వానిని నాలుగు తెగలుగా విభజించి చెప్పెదను: నిశ్చితముగా నిలుచునవి, సన్నగిల్లి మాయమగునవి, దీర్ఘమైన తోక గలవి, తటాలున తెగిపోవునవి.

2. నిశ్చితమైన ముగింపు

మొదటి తెగకు ఉదాహరణముగా బీటిల్సువారి 'ఎ డే ఇన్ ది లైఫ్' అను పాటను గ్రహింతము. ఇది 1967లో వెలువడిన 'సార్జంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' అను సంపుటమున కడపటి పాట. దీని తుదిభాగమును సిద్ధపరచుటకు వారు పడిన శ్రమ మిక్కిలి గొప్పది.

ఆ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీన లండనులోని అబ్బే రోడ్డు స్టూడియోకు 40 మంది వాద్యకారులను పిలిపించిరి. ప్రతివాడును తన వాద్యమునందలి అతి మంద్రస్వరముతో మొదలిడి, 24 తాళఖండములు గడచులోపల అతి తారస్వరమునకు ఎక్కవలెనని ఏర్పాటు. ప్రక్కవానితో కలిసి పోవలసిన పని లేదు. ఎవని దారి వానిది. జీవితమంతయు తోడివారితో కలిసి వాయించుటయే నేర్చిన ఆ వాద్యకారులకు ఈ ఏర్పాటు వింతగా తోచినది. ఆ ధ్వనిని పలుమార్లు పట్టి ఒకదానిపై నొకటి చేర్చగా, సముద్రము లేచి పైబడుచున్నట్టి ఘోష పుట్టినది. ఈ ఘోష పాటలో రెండుసార్లు వచ్చును. రెండవసారి అది శిఖరమునకు చేరి యొక్క క్షణము నిలిచిపోవును. అటుపిమ్మట ఏమి వినబడవలెను?

మొదట నోరు మూసికొని స్వరము పలుకుచు అందరును కలిసి ఒక హుంకారము చేసి చూచిరి. అది అంత గొప్ప ఘోషకు తగినట్లుండలేదు. దానిని త్రోసివేసిరి. ఫిబ్రవరి 22వ తేదీన మరల కూడి మూడు పియానోలను సమకూర్చుకొనిరి. జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, రింగో స్టార్, వారి సహాయకుడు మాల్ ఎవన్సు అను నలుగురు ఒక్కసారిగా ఇ మేజరు అను స్వరసముదాయమును బలముగా మోగించి, పెడలును త్రొక్కిపట్టి కదలక కూర్చుండిరి. ఇట్లు పెక్కు స్వరములను ఏకకాలమున పలికించుటనే కార్డు అందురు. సంగీత నిర్వాహకుడైన జార్జి మార్టిను దానికి హార్మోనియము ధ్వనిని చేర్చెను. మన ప్రార్థనలలో వినబడు హార్మోనియమే లోకప్రసిద్ధమైన ఈ ముగింపులోను పాలుపంచుకొనుట గమనింపదగినది.

పియానో ధ్వని మొదట గట్టిగా పుట్టి, పిదప తగ్గిపోవును. ధ్వని తగ్గినకొలది శబ్దయంత్రమును నడపుచున్న జెఫ్ ఎమెరిక్కు గ్రహణశక్తిని క్రమముగా పెంచుచు పోయెను. అందుచే ఆ యొక్క కార్డు 40 సెకండ్లకు పైగా వినబడుచున్నది. నిశ్శబ్దమునకు సమీపించిన ఆ తుదిక్షణములలో ఒక కుర్చీ కిర్రుమన్న చప్పుడును చెవి యొగ్గినవారికి వినబడును. ఆ నలుగురు ఊపిరి బిగబట్టి కూర్చున్న గది మన కన్నులయెదుట నిలుచును.

ఈ ముగింపునకు ఇంత బలమేల కలిగెను? అంతకుముందు వచ్చిన ఘోషలో క్రమము లేదు. కార్డులో క్రమము సంపూర్ణముగా నున్నది. చెవి చిరకాలము వెదకిన విశ్రాంతి ఒక్క దెబ్బతో దొరకుచున్నది. నిశ్చితమైన ముగింపునకు ఇదియే సూత్రము: విశ్రాంతి యొక్క విలువ దానికి ముందున్న అశాంతిని బట్టి యుండును.

నిశ్చితమైన ముగింపు గట్టిగానే యుండవలెనను నియమము లేదు. క్వీన్ అను బృందమువారు 1975లో వెలువరించిన 'బొహీమియన్ రాప్సొడీ' దాదాపు 6 నిమిషముల పాట. అందు నాటకగానమును, ఉరుమువంటి గిటార్ల భాగమును గడచిన పిమ్మట పాట మెల్లమెల్లగా శాంతించి, తుదకు ఒక పెద్ద కంచుపళ్లెము మీద మృదువుగా వేసిన దెబ్బతో ముగియును. గాలివాన వెలిసిన పిదప చూరునుండి జారిన కడపటి నీటిబొట్టువలె నది వినబడును.

3. సన్నగిల్లి మాయమగు ముగింపు

మన బాలురను చిక్కుపరచినది ఈ తెగ. ధ్వని క్రమముగా తగ్గి వినరాకుండ పోవుటను 'ఫేడ్ ఔట్' అందురు. ఇది కేవలము యంత్రములు కల్పించిన వింత యని తలంపరాదు. యంత్రములకు ముందే సంగీతవిద్వాంసులు దీనిని గూర్చి యాలోచించిరి.

1772లో హేడను అను మహావిద్వాంసుడు ఒక హంగేరీ ప్రభువు కొలువులో నుండెను. ప్రభువు తన పల్లెటూరి సౌధమున చిరకాలము నిలిచిపోవుటచే వాద్యకారులు తమ భార్యాబిడ్డలను చూడలేక బెంగగొనిరి. ప్రభువునకు ఎదురు చెప్పుట యెట్లు? హేడను ఒక వాద్యప్రబంధమును రచించెను. దాని తుదిభాగమున ఒక్కొక్క వాద్యకారుడు తన వంతు ముగించి, తన దీపము నార్పి, లేచి వెడలిపోవును. చివరకు రెండు వయొలిన్లు మాత్రమే మెల్లగా మ్రోగి యూరకుండును. ప్రభువు ఆ సూచనను గ్రహించి, మరునాడే ప్రయాణమునకు సెలవిచ్చెనని చెప్పుదురు. ఒక ముగింపు ఒక విన్నపమైనది. ఆ విన్నపము ఫలించినది.

గుస్తావ్ హోల్స్టు అను ఆంగ్లేయ విద్వాంసుడు మనకు రెండు విధముల దగ్గరివాడు. ఆయన 1905 మొదలు 1934లో మరణించువరకు లండనులోని సెయింటు పాల్సు బాలికల పాఠశాలలో సంగీతోపాధ్యాయుడు. అంతేగాక సంస్కృతము నేర్చుకొని ఋగ్వేద సూక్తములను ఇంగ్లీషు చేసి వానికి సంగీతము కట్టినవాడు. ఆయన రచించిన 'ది ప్లానెట్స్' అను గ్రహముల ప్రబంధము 1918లో మొదటిసారి వాయింపబడినది. అందు కడపటిదైన నెప్ట్యూను భాగమున స్త్రీల బృందమొకటి మాటలు లేని స్వరములను పాడును. వారు శ్రోతలకు కనబడరాదు. ప్రక్కగదిలో నిలిచి పాడవలెను. కడపటి తాళఖండమును మరల మరల పాడుచుండగా గది తలుపును చప్పుడు కాకుండ మెల్లగా మూయవలెనని ఆయన వ్రాసెను. పాట ఎప్పుడు ముగిసినదో యెవ్వరును చెప్పజాలరు. ఒక తలుపు చేసిన ఈ పనిని తరువాతికాలమున స్టూడియోలలో ఒక మీట చేయసాగినది.

విద్యుచ్ఛక్తితో ధ్వనిని పట్టు పద్ధతి 1925 ప్రాంతమున వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము అయస్కాంతపు టేపు స్టూడియోలలో వ్యాపించినది. అప్పుడు ధ్వనిని తగ్గించుట మిక్కిలి సులభమైనది. దీనికి వ్యాపారకారణమును గలదు. నాటి పది అంగుళముల గ్రామఫోను పలక ఒక్కొక్క ప్రక్క ఇంచుమించు 3 నిమిషములు మాత్రమే పాడును. రేడియోవారును చిన్న పాటలనే కోరిరి. స్టూడియోలో ఎంతసేపు వాయించినను, కావలసినచోట సన్నగిల్లజేసిన పాట చిన్నదగును. 1950 మొదలు 1980 తరువాతివరకు అసంఖ్యాకములైన పాటలు ఇట్లే ముగిసినవి. అటుపిమ్మట ఈ ఆచారము క్షీణించినది.

ఇట్టి ముగింపు మనస్సుపై చేయు పని విచిత్రము. జర్మనీలోని హానోవరు నగర సంగీత విద్యాలయపు పరిశోధకులు కొందరిని పాటకు తాళము వేయుడని కోరి పరీక్షించిరి. పాట నిశ్చితముగా ఆగినప్పుడు వారి చేతులును ఆగినవి. సన్నగిల్లి ముగిసినప్పుడో, ధ్వని పోయిన తరువాతను వారు కొంతసేపు తాళము వేయుచునేయుండిరి. అనగా పాట ఆగలేదని, మనకు దూరముగా సాగిపోయినదని మనస్సు భావించుచున్నది. వీథి మలుపు తిరిగిన భజన మేళము కంటికి మరుగైనను, చెవిలో మ్రోగుచునే యుండును గదా.

ఈ తెగలో నాకు మిక్కిలి ప్రియమైనది ఓటిస్ రెడ్డింగు పాడిన 'సిట్టింగ్ ఆన్ ది డాక్ ఆఫ్ ది బే' యను పాట. ఆతడు అమెరికాలోని నల్లజాతి గాయకులలో అగ్రగణ్యుడు. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కో నగర సమీపమున నీటిపై నిలిచియుండు ఒక పడవయింటిలో బసచేసినప్పుడు ఈ పాటను మొదలిడెను. పిదప స్టీవ్ క్రాపరు అను గిటారు విద్వాంసునితో కలిసి దానిని పూర్తిచేసి, మెంఫిస్ నగరమున నవంబరు, డిసెంబరు నెలలలో పాడి రికార్డు చేసెను. చివర మాటలకు మారుగా ఊరక ఈల వేసెను. అచ్చట తరువాత మాటలు చేర్చదలచెనని కొందరు చెప్పుదురు. ఆ తరువాత వచ్చినది డిసెంబరు 10వ తేదీ. ఆతడు ప్రయాణము చేయుచున్న విమానము విస్కాన్సిన్ రాష్ట్రమున మాడిసన్ నగరము దాపున నొక సరస్సులో కూలినది. ఆతనికప్పుడు 26 ఏండ్లు.

మిత్రుడు పోయిన దుఃఖములో నుండియే క్రాపరు ఆ పాటను తీర్చిదిద్దవలసివచ్చెను. అలల చప్పుడును, సముద్రపక్షుల కూతలును దానికి చేర్చెను. ఈలను తీసివేయలేదు, దానిపై మరియొకరిచే మాటలు పాడింపలేదు. ఈల సాగుచుండగనే పాట సన్నగిల్లి పోవును. 1968 జనవరిలో వెలువడిన ఆ పాట అమెరికాలో ప్రథమస్థానము నందుకొనినది. గాయకుని మరణానంతరము అట్టి స్థానము నందుకొనిన పాటలలో నిదియే మొదటిది. ఆ ఈల విన్నప్పుడెల్లను, ఒక మనుష్యుడు సముద్రపుటొడ్డున నడచుచు మన చూపునకు అందని దూరమునకు పోవుచున్నట్లు తోచును. దానికి నిశ్చితమైన ముగింపు పెట్టియుండినచో ఈ భావము కలిగియుండునా? పూర్తికాని దానిని పూర్తియైనట్లు నటింపక, ఉన్నదానిని భద్రముగా అప్పగించుటయు నొక విధమైన తుదముట్టింపే.

4. దీర్ఘమైన తోక

కొన్ని పాటలలో తోక దేహముకంటె పొడవు. ఇది లోపము కాదు. నెమలి చక్కదనమంతయు పింఛమునందే యున్నది గదా.

మొదట చెప్పిన 'హే జూడ్' నిడివి 7 నిమిషములకు పైగా నుండును. అందు తుదిభాగమే ఇంచుమించు 4 నిమిషములు. ఆ భాగమున అర్థము గల మాటలు మిక్కిలి తక్కువ. ఒకే పల్లవి మరల మరల వచ్చును. దాని నిర్మాణము నాలుగు తాళఖండములు మాత్రమే. మన స్వరములలో చెప్పవలెనన్న, షడ్జమము, కైశికి నిషాదము, శుద్ధ మధ్యమము, మరల షడ్జమము ఆధారములుగా కార్డులు వరుసగా నడచును. మధ్యమమునుండి షడ్జమమునకు దిగుట మన పాఠశాల బాలురకు క్రొత్త కాదు. కీర్తన తుదిని 'ఆమేన్' అని పాడునప్పుడు హార్మోనియముపై వినబడునది ఇదియే. కాబట్టి ఆ పల్లవి తిరిగివచ్చిన ప్రతిసారియు చెవికి ఒక చిన్న ముగింపు దొరకుచున్నది. కాని అదే స్థలమున మరల మొదలగుచున్నది. ముగింపునే మెట్లుగా పేర్చి కట్టిన మేడ యిది.

దీనిని రికార్డు చేసినప్పుడు 36 మంది వాద్యకారులు వచ్చిరి. వాద్యములతోపాటు చప్పట్లు చరచుచు, పల్లవిని పాడుడని వారిని కోరగా, ఒక్కడు మాత్రము అది తన పని కాదని వెడలిపోయెను. తక్కినవారు పాడిరి. సెప్టెంబరు 4వ తేదీన దీనిని చలనచిత్రముగా పట్టినప్పుడు, తుదిభాగమున శ్రోతలే గాయకులచుట్టును మూగి పాడిరి. ఇంత దీర్ఘమైన పాటను రేడియోవారు వేయరని శంకించినవారుండిరి. అయినను అమెరికాలో అది 9 వారములు ప్రథమస్థానమున నిలిచినది. ఒక్కని గొంతుతో మొదలై అందరి గొంతులతో సన్నగిల్లు పాట యిది. ఆ అందరిలో వినువాడును చేరుచున్నాడు.

రెండవ ఉదాహరణము 'లైలా'. ఎరిక్ క్లాప్టన్ అను ఆంగ్లేయ గిటారు విద్వాంసుడు 'డెరెక్ అండ్ ది డామినోస్' అను బృందముతో 1970లో అమెరికాలోని మయామీ నగరమున దీనిని రికార్డు చేసెను. ఈ పేరు పారసీక మహాకవి నిజామీ రచించిన లైలా మజ్నూ కథనుండి గ్రహింపబడినది. ఈ కథ తెలుగువారికిని సుపరిచితము. 1949లో భరణీవారు దీనిని తెలుగు చలనచిత్రముగా తీయగా, భానుమతిగారును అక్కినేని నాగేశ్వరరావుగారును అందు నటించిరి.

పాట మొదటిసగము మంటవలె నుండును. గిటార్లు అరచుచుండును, గాయకుడు వేడుకొనుచుండును. ఉన్నట్టుండి అదంతయు అణగి పియానో మీద ఒక శాంతమైన వరుస వినబడును. ఆ రెండవ సగమున పాట లేదు, మాట లేదు. మజ్నూ వేదనకు జవాబు మాటలలో లేదని చెప్పినట్లుండును. ఈ భాగమును కొన్ని వారముల తరువాత వేరుగా రికార్డు చేసి మొదటిదానికి అతికించిరి. పియానో వరుసపై గాజుగొట్టముతో గిటారు తంతిని జారవిడుచుచు వాయించినవాడు డ్యువేన్ ఆల్మన్. తుదిని పిట్టకూతవంటి స్వరములు పలికినదియు నాతని గిటారే. మరుసటి సంవత్సరమే ఆతడు మోటారుసైకిలు ప్రమాదమున మరణించెను. వయస్సు 24 ఏండ్లు మాత్రమే.

ఈ ముగింపును గూర్చి విద్యార్థులు ఆలోచింపవలసిన సంగతి యొకటి కలదు. పియానో వరుసను కట్టినవాడు డ్రమ్ములు వాయించిన జిమ్ గార్డన్ అని రికార్డుపై ముద్రితమైనది. రీటా కూలిడ్జి అను గాయని, ఆ వరుసను తానును ఆతడును కలిసి కట్టితిమని, తన పేరును విడిచివేసిరని 2016లో ప్రకటించిన స్వీయచరిత్రలో వ్రాసెను. ఆ వరుసను పోలిన పాటను ఆమె అక్క ప్రిసిల్లా, బుకర్ టి. జోన్సు అనువారు 1973లో వెలువరించిరి. రికార్డుపై మాత్రము నేటికిని ఇద్దరి పేర్లే యున్నవి: క్లాప్టన్, గార్డన్. న్యాయనిర్ణయము మన పని కాదు. కాని మన పత్రికలో, మన నాటకములో, మన ప్రదర్శనలో పని చేసినవారందరి పేర్లును వ్రాసితిమా యని ప్రశ్నించుకొనుట మన పనియే. పేరును విడిచివేసిన వ్రాత యెన్నటికిని పూర్తికాదు.

5. తటాలున తెగిపోవునది

నాలుగవ తెగ మిక్కిలి అరుదు. బీటిల్సువారు 1969లో వెలువరించిన 'అబ్బే రోడ్' సంపుటమున మొదటి ప్రక్క తుదిపాట 'ఐ వాంట్ యూ'. దాని చివర ఒకే గిటారు వరుస సుమారు 3 నిమిషములు తిరుగుచుండును. గాలిహోరువంటి చప్పుడు దానిపై అంతకంతకు పెరుగును. ఇక నేమగునో యని వినువాడు ఉత్కంఠతో నుండగా, నడిమాటలో నోరు మూసినట్లు సర్వమును నిలిచిపోవును. లెనన్ కోరగా ఎమెరిక్కు ఆ చోట టేపును కత్తిరించెను. మొదటిసారి విన్నవారు తమ యంత్రము చెడినదని భ్రమపడుదురు.

ముగిసినట్లు నటించి మరల లేచు పాటలును కొన్ని గలవు. ఎల్విస్ ప్రెస్లీ 1969లో పాడిన 'సస్పీషియస్ మైండ్స్' సన్నగిల్లి పోవుచు, పూర్తిగా పోకముందే మరల గట్టిపడి, తిరిగి సన్నగిల్లును. విడువలేక విడుచువాని అవస్థ పాట విషయము గనుక ఈ రీతి తగియున్నది. విషయముతో పొందిక లేనిచో ఇట్టివి కేవలము గారడీ యగును.

6. వేదికపై ఏమి చేయవలెను?

ఇక మన బాలుని ప్రశ్నకు రావలెను. సన్నగిల్లు ముగింపు యంత్రమునకు సుళువు, మనుష్యునకు కష్టము. పదునైదుగురు ఒక్కతీరుగా మెల్లమెల్లగా ధ్వనిని తగ్గించుట మహావిద్వాంసులకును సులభము కాదు. కాబట్టి రికార్డులో సన్నగిల్లిన పాటకు వేదికమీద నిశ్చితమైన ముగింపును ముందుగా నిర్ణయించుకొనవలెను. ఈగిల్సు అను బృందమువారు 1976లో వెలువరించిన 'హోటల్ కాలిఫోర్నియా'లో డాన్ ఫెల్డరు, జో వాల్షు అను ఇద్దరి గిటార్లు రెండు నిమిషములకు పైగా ఒకదానినొకటి పలుకరించుకొని, పిదప జతగూడి నడచుచుండగా పాట సన్నగిల్లును. సభలలో వాయించునప్పుడు ఆ బృందమువారే దానికి స్పష్టమైన ముగింపు నిచ్చిరి. కనుక మనమట్లు చేసినచో మూలమునకు అపచారము కాదు.

ఎట్లు నిర్ణయించుకొనవలెనో మన సంగీతమే నేర్పుచున్నది. మృదంగ విద్వాంసుడు తని ఆవర్తనమును ముగించునప్పుడు ఒక జతిని మూడుమార్లు వాయించును. మొదటిమారు వినగానే పాడువారు మేల్కొందురు, రెండవమారు సిద్ధపడుదురు, మూడవమారు ముగియగానే అందరును ఒక్కచోట పల్లవి నందుకొందురు. నూరుమంది సభలో ఎవ్వరును కేకవేసి చెప్పనక్కరలేదు. ఈ సంవత్సరము మన బాలురు ఈ యుపాయమునే గ్రహించిరి. డ్రమ్ములు వాయించు ఆ బాలుడే ఒక చిన్న జతిని కల్పించెను. అది మూడుమార్లు వినబడగానే వేగము తగ్గించి, మధ్యమమునుండి షడ్జమమునకు దిగి, ఆ కార్డును పట్టి నిలువవలెనని ఏర్పాటు. నిన్నటి సాయంకాలము అభ్యాసమున పదునైదుగురును ఒక్కసారిగా ఆగిరి. ఆ తరువాత గదిలో ఏర్పడిన నిశ్శబ్దము ఆ పాటకంటె నాకు మధురముగా నుండెను. బాలుడు నావైపు చూచి, "మేష్టారూ, ఇప్పుడు ఆపితిమా?" అని యడిగెను. "ఆపితిరి నాయనా" అంటిని.

తల్లిదండ్రులకును ఒక మనవి. నేడు చేతిఫోనులలో వేలకొలది పాటలు దొరకుచున్నవి. పల్లవి వినగానే తరువాతి పాటకు దుముకుట పిల్లలకు అలవాటగుచున్నది. వారు వినుచున్నది పాటలు కావు, ప్రారంభములు. వారమున కొకసారియైనను మీ బిడ్డ ప్రక్కన కూర్చుండి, ఆతనికి నచ్చిన పాట ఏ భాషలోనిదైనను, తుది నిశ్శబ్దమువరకు కలిసి వినుడు. ఆరంభశూరులమను అపవాదు తొలగించుకొనుటకు ఇంతకంటె సులభమైన అభ్యాసము లేదు.

అభ్యాసములు

1. మీకు నచ్చిన ఐదు పాటలను తుదివరకు విని, ఏది ఏ తెగలో చేరునో వ్రాయుడు.

2. సన్నగిల్లి ముగియు పాట కొకదానికి తాళము వేయుచు వినుడు. మీ చేయి ఎప్పుడు ఆగినదో గమనింపుడు.

3. ముక్తాయింపు, తీర్మానము, మంగళము, ఫలశ్రుతి: ఈ మాటలలో ఏది దేనికి తగునో భేదమును వివరింపుడు.

4. పూర్తికాని పనిని మిత్రుడు విడిచిపోయినప్పుడు దానిని పూర్తిచేయు విధము లెవ్వి? క్రాపరు చేసినదానిని ఆధారముగా గొని పది పంక్తులు వ్రాయుడు.

5. మీ తరగతిలో ఈ సంవత్సరము మొదలిడి విడిచిన పని యొకటి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. దీనికి జవాబు వ్రాయనక్కరలేదు.